ఉద్యోగ ప్రకటనలో జోకు పెడితే మంచివాళ్లు వస్తారా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: విజయవాడలో మీ కుటుంబానికి వాటర్ ప్యూరిఫయర్లు అమ్మి, సర్వీస్ చేసే వ్యాపారం ఉంది. సర్వీస్ టెక్నీషియన్లు, టెలికాలర్లు కావాలి. ‘అర్జెంట్ రిక్వైర్‌మెంట్’ అని ఎన్ని పోస్టులు పెట్టినా సరైనవాళ్లు రావడం లేదు, వచ్చినవాళ్లు నెల తిరక్కుండానే మానేస్తున్నారు. మార్కెటింగ్ చూసే అబ్బాయి సినిమా మీమ్స్‌తో నవ్వించే ప్రకటన చేద్దామంటున్నాడు. నాన్నగారేమో కంపెనీ పరువు పోతుందంటున్నారు. ఎవరి మాట వినాలి?

నవ్వించే ప్రకటన పెట్టండి. సినిమా మీమ్ మాత్రం వద్దు. జోకు ఆ ఉద్యోగంలోంచే పుట్టాలి. జీతం, పని వేళలు, సెలవులు, ఆఫీసు చిరునామా మాత్రం జోకు లేకుండా సూటిగా ఉండాలి. ఉద్యోగం కోసం వచ్చేవాణ్ణి చూసి నవ్వే జోకు ఏదీ ఉండకూడదు. ఈ మూడూ పాటించగలిగితే ఆ మార్కెటింగ్ అబ్బాయి చెప్పిందీ కరెక్టే, మీ నాన్నగారి భయానికీ అవకాశం ఉండదు. ఒక్కటి తప్పినా మామూలు ప్రకటనే నయం.

నేను హైదరాబాద్‌లో పదిహేనేళ్లకు పైగా రిక్రూట్‌మెంట్ పనిలో ఉన్నాను. గోడౌన్లు, హోటళ్లు, కాల్ సెంటర్లు, చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలకు మనుషుల్ని వెతికిపెడతాను. అందువల్ల చెప్పేదంతా మీలాంటి చిన్న, మధ్యస్థాయి కంపెనీలను దృష్టిలో పెట్టుకునే.

ముందు జోకు వల్ల ఏం జరుగుతుందో చూద్దాం. ఉద్యోగం వెతుక్కునే కుర్రాడు ఫోన్‌లో పైకి తోస్తూ పోతుంటాడు. ప్రతి ప్రకటనలోనూ ‘డైనమిక్’, ‘సెల్ఫ్ మోటివేటెడ్’, ‘ఆకర్షణీయమైన జీతం’. కంపెనీ పేరు మారుస్తే ఏదైనా ఎవరికైనా సరిపోతుంది. అలాంటి చోట నవ్వు తెప్పించే ఒక వాక్యం కనిపిస్తే అతని వేలు ఆగుతుంది. ఆగిన మరుక్షణం కళ్లు జీతం ఎంతో వెతుకుతాయి. అక్కడ జీతం లేకపోతే నవ్వుకుని ముందుకి వెళ్లిపోతాడు, మహా అయితే స్నేహితుడికి ఫార్వర్డ్ చేస్తాడు. ఫార్వర్డులతో మీ టెక్నీషియన్ ఖాళీ నిండదు కదా.

దానికంటే పెద్ద ప్రయోజనం ఇంకొకటుంది, దాన్ని చాలామంది వాడుకోరు. ప్రతి ఉద్యోగంలోనూ బయటికి చెప్పడానికి యజమానులు జంకే కష్టం ఒకటుంటుంది. నైట్ షిఫ్ట్, ఎండలో తిరుగుడు, కస్టమర్ల చిరాకు. అది దాచిపెట్టి మనిషిని తీసుకుంటే రెండో వారంలో అతనికే తెలిసిపోతుంది, మానేస్తాడు. మీ దగ్గర నెల తిరక్కుండా మానేస్తున్నవాళ్లలో సగం మంది కథ ఇదే అయ్యుంటుందని నా అనుమానం. ఆ కష్టాన్ని పొడిగా రాస్తే భయపెట్టినట్టుంటుంది. నవ్వుతూ చెబితే నిజం చెప్పినట్టూ ఉంటుంది, ‘వీళ్లకి మన కష్టం తెలుసు’ అన్న నమ్మకమూ కలుగుతుంది.

మేడ్చల్ వైపు ఒక గోడౌన్‌కి రాత్రి షిఫ్ట్‌లో సరుకు సర్దేవాళ్లు కావాల్సి వచ్చింది. మేం రాసిన మొదటి వాక్యం: “పక్కింట్లో పెళ్లి బ్యాండు మోగుతున్నా పగలు హాయిగా నిద్రపోగలరా? అయితే ఈ ఉద్యోగం మీదే.” దాని కింద రాత్రి 10 నుంచి ఉదయం 6, జీతం, బస్సు ఎక్కడి నుంచి బయలుదేరుతుంది, వారానికి ఏ రోజు సెలవు అని నాలుగు లైన్లు. ఫోన్ చేసినవాళ్లు మొదటి మాటే “మా ఇల్లు మెయిన్ రోడ్డు మీదండీ, పగలు పడుకోవడం కష్టమేమో” అనో, “నాకు అలవాటేనండీ, ఇంతకుముందు సెక్యూరిటీలో చేశాను” అనో మొదలుపెట్టారు. అంటే ఇంటర్వ్యూలో మేం అడగాల్సిన ప్రశ్నకి జవాబు ఫోన్‌లోనే వచ్చేసింది. చేరినవాళ్లలో నైట్ షిఫ్ట్ అని తెలియక వచ్చామన్నవాడు ఒక్కడూ లేడు.

ఇంకోసారి ఒక బిర్యానీ హోటల్ కౌంటర్‌కి మనుషులు కావాలి. “ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట. ఎదురుగా నలభై మంది. ‘నాకు లెగ్ పీస్ ఎందుకు రాలేదు?’ అని ఒకాయన అడుగుతున్నారు. ఏమంటారు?” అని రాసి, దరఖాస్తుతో పాటు ఆ ప్రశ్నకి ఒక్క లైన్ జవాబు వాట్సాప్ చేయమన్నాం. వచ్చిన జవాబులు చదవడమే సగం ఇంటర్వ్యూ. “సారీ సర్, ఈసారి మీ ప్లేటు నేనే దగ్గరుండి పెట్టిస్తాను” అన్న అమ్మాయికి హోటల్ అనుభవం ఏమీ లేదు. కౌంటర్‌కి ఆమెకన్నా తగిన మనిషి దొరకలేదు.

పెద్ద సంస్థల ఉదాహరణల్లో నాకు బాగా నచ్చింది న్యూజిలాండ్ పోలీసులది. మూడేళ్లలో 1,800 మంది పోలీసులను అదనంగా చేర్చుకోవాలన్నది అక్కడి ప్రభుత్వ లక్ష్యం. 2017 నవంబరులో వాళ్లు ఒక రిక్రూట్‌మెంట్ వీడియో విడుదల చేశారు. అందులో నటించింది నిజం పోలీసులే. ఎవరినో తరుముతూ, పరిగెడుతూనే ఒక్కొక్కరు తమ ఉద్యోగం ఎలా ఉంటుందో చెబుతుంటారు. చివరికి దొరికిన దొంగ ఒక కుక్క, నోట్లో హ్యాండ్‌బ్యాగు! ప్రపంచమంతా చూసి నవ్వింది. గమనించాల్సింది ఏమిటంటే, ఆ నవ్వుల మధ్యే ఆడవాళ్లు, రకరకాల జాతుల వాళ్లు, రకరకాల విభాగాల వాళ్లు కనిపిస్తూనే ఉంటారు. ‘నాలాంటివాడికి పోలీసు ఉద్యోగమా’ అనుకునేవాడికి అక్కడే జవాబు దొరుకుతుంది. జోకులు ఎన్ని ఉన్నా పోలీసు పనిని ఎక్కడా తక్కువ చేయలేదు. మీ నాన్నగారికి ఆ వీడియో ఒకసారి చూపించండి. పోలీసుల పరువే పోనప్పుడు మన పరువు ఎందుకు పోతుంది?

ఐకియా ఆస్ట్రేలియాలో చేసింది కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ కంపెనీ మనవాళ్లకీ బాగా తెలుసు. భారతదేశంలో వాళ్ల మొదటి స్టోర్ 2018 ఆగస్టులో హైదరాబాద్ హైటెక్ సిటీ దగ్గరే తెరిచారు. ఐకియా ఫర్నిచర్ విడి ముక్కలుగా పెట్టెలో వస్తుంది, ఎలా బిగించాలో బొమ్మల కాగితం లోపల ఉంటుంది. ఆస్ట్రేలియాలో అదే తీరులో ‘మీ కెరీర్‌ని ఎలా బిగించుకోవాలి’ అని బొమ్మలు గీసిన కాగితాన్ని ఆ పెట్టెల్లోనే పెట్టి పంపారు. ప్రకటన ఖర్చు దాదాపు లేదు, అది చేరింది కూడా ఐకియా అంటే ఇష్టపడి కొనుక్కున్నవాళ్ల చేతికే. ఈ ఆలోచన మీరు రేపే వాడుకోవచ్చు. మీ టెక్నీషియన్ ప్రతి ఇంట్లోనూ ఇచ్చే సర్వీస్ కార్డు వెనక భాగం ఖాళీగా ఉంటుంది కదా? ఆ ఇంట్లో ఐటీఐ చదివిన అబ్బాయి ఉండొచ్చు, పక్కింట్లో ఉండొచ్చు.

సాఫ్ట్‌వేర్ రంగంలో అందరూ చెప్పుకునేది గూగుల్ 2004లో కాలిఫోర్నియాలో హైవే పక్కన పెట్టిన హోర్డింగ్. కంపెనీ పేరు లేదు, ఒక గణిత పజిల్ మాత్రం ఉంది. అది విప్పినవాడికి ఒక వెబ్‌సైట్, అందులో ఇంకో పజిల్, అదీ విప్పితే రెజ్యూమె పంపమని ఆహ్వానం. అది జోకు కాదు, ఆట. కానీ పద్ధతి అదే: ఆ ప్రకటన చూసి సరదా పడేవాడే ఆ పనికి కావాల్సినవాడు. ఈ దారిలోనే మేం ఒక తెలుగు కంటెంట్ కంపెనీకి ప్రూఫ్‌రీడర్లను వెతికాం. “ఈ ప్రకటనలో మూడు అచ్చుతప్పులున్నాయి. అవి మాకు తెలుసు. మీకు?” అని రాశాం. తప్పులు పట్టకుండా రెజ్యూమె పంపినవాళ్లను పక్కన పెట్టడం తేలికైంది.

ఇప్పుడు అసలు జాగ్రత్త. జోకు ఎవరి మీద? ఉద్యోగాల వెబ్‌సైట్ నౌక్రీ వాళ్ల పాత టీవీ ప్రకటన ‘హరి సాదు’ చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఫోన్‌లో అవతలివాళ్లకి బాస్ పేరు స్పెల్లింగ్ చెబుతూ ఉద్యోగి ‘హెచ్ ఫర్ హిట్లర్, ఏ ఫర్ ఆరొగెంట్’ అని అందుకుంటాడు. దేశమంతా నవ్వింది, ఎందుకంటే అక్కడ నవ్వు బాస్ మీద. ఉద్యోగం వెతుక్కునేవాడు ఆ జోకులో గెలిచే వైపు ఉన్నాడు.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది నా కళ్లతో చూశాను. ఒక కంపెనీ ఫ్రెషర్ల కోసం పోస్టర్ వేసింది. బ్యాక్‌లాగ్స్ ఉన్నవాళ్లు, కోర్సుల కోసం అమీర్‌పేటలో ఏళ్ల తరబడి గడిపినవాళ్లు, ‘ఇంట్లో అమ్మ తిడుతోందని’ దరఖాస్తు చేసేవాళ్లు రావద్దని వెటకారంగా రాశారు. రాసినవాళ్లకి అది సరదాగానే అనిపించి ఉంటుంది. కానీ చదివేది ఎవరు? నిజంగానే ఆర్నెల్లుగా హాస్టల్ ఫీజుకి ఇంటి నుంచి డబ్బు అడగడానికి మొహం చెల్లక ఉన్న పిల్లలు. ఆ పోస్టర్ స్క్రీన్‌షాట్లు కాలేజీ గ్రూపుల్లో తిరిగాయి. ఆ తర్వాత ఒక ప్లేస్‌మెంట్ ఆఫీసర్ నాతో, “ఆ కంపెనీని మా క్యాంపస్‌కి పిలవం” అని తేల్చి చెప్పారు. నాకు ఇప్పటికీ కోపం వస్తుంది ఆ పోస్టర్ తలుచుకుంటే. ఉద్యోగం లేనివాడి టెన్షన్ మన హాస్యానికి ముడిసరుకు కాకూడదు.

అలాగే యాస మీద, ఊరి మీద, కులం మీద, ఒంటి రంగు, లావు మీద, పెళ్లి మీద జోకులు అసలే వద్దు. గోదావరి జిల్లాల వెటకారం అక్కడివాళ్ల మధ్య ముచ్చటగా ఉంటుంది. అదే ఆదిలాబాద్ కుర్రాడు చదివితే తనను చిన్నచూపు చూసినట్టు అనిపించవచ్చు. తెలంగాణ యాసను సినిమాల్లో చాలాకాలం నవ్వులాటకే వాడారన్న బాధ ఇంకా ఉంది, అది న్యాయమైన బాధ. ఇక ‘బైక్ నడపడం అమ్మాయిల వల్ల కాదు’ తరహా జోకు చట్టపరంగా కూడా చిక్కే. నియామకాల్లో ఆడ, మగ తేడా చూపకూడదని 1976 నాటి సమాన వేతన చట్టమే చెప్పింది, 2019 వేతనాల కోడ్ కూడా అదే చెబుతుంది.

జీతం మీద జోకు వద్దు. ‘జీతం ఎంతంటారా? ముందు పని చూపించండి’ అన్న మాట యజమానికి చమత్కారం, అభ్యర్థికి ప్రమాద సూచన. ‘మాదంతా ఒకే ఉమ్మడి కుటుంబం’ అన్నా సరే, రాత్రి తొమ్మిదైనా ఇంటికి పంపరని మనవాళ్లు సరిగ్గానే అర్థం చేసుకుంటారు. 2024 నవంబరులో జొమాటో అధినేత దీపిందర్ గోయల్ చీఫ్ ఆఫ్ స్టాఫ్ ఉద్యోగానికి మొదటి ఏడాది జీతం లేదు, పైగా 20 లక్షల రూపాయలు తమ సేవాసంస్థ ఫీడింగ్ ఇండియాకి విరాళంగా ఇవ్వాలని పోస్ట్ పెట్టారు. 18 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. తర్వాత ఆ 20 లక్షలు కేవలం వడపోత కోసం పెట్టిన షరతని, ఎవరి దగ్గరా తీసుకోబోమని చెప్పారు. దాన్ని మెచ్చుకున్నవాళ్లు ఉన్నారు, తిట్టినవాళ్లు అంతకన్నా ఎక్కువ. అంత పేరున్న మనిషి కాబట్టి అది చర్చతో ముగిసింది. మీరూ నేనూ ‘డబ్బు కట్టి చేరండి’ అని సరదాకైనా రాస్తే దాన్ని మోసం అనుకుంటారు. అలా అనుకోవడంలో తప్పు కూడా లేదు.

ఎందుకంటే మన రెండు రాష్ట్రాల్లో ఉద్యోగం పేరుతో మోసపోని వీధి లేదు. రిజిస్ట్రేషన్ ఫీజు, డేటా ఎంట్రీ డిపాజిట్, ఇంట్లో కూర్చుని నెలకి ముప్ఫై వేలు. మయన్మార్, కంబోడియాల్లోని సైబర్ మోసాల కేంద్రాల్లో ఇరుక్కున్న తెలుగు పిల్లల్ని వెనక్కి రప్పించుకోవాల్సి వచ్చింది. వాళ్లూ మొదట ఒక ఉద్యోగ ప్రకటన చూసినవాళ్లే. అందుకని నవ్వించే ప్రకటనకి మామూలు దానికంటే ఎక్కువ ఆధారాలు చూపించాలి. షాపు పూర్తి చిరునామా, పగలు ఎత్తే ఫోన్ నంబరు, కంపెనీ మెయిల్, ‘మేం ఎవరి దగ్గరా ఒక్క రూపాయి తీసుకోం’ అన్న లైను. ప్రకటన బాగా పాకితే మోసగాళ్లు అదే బొమ్మ మీద తమ నంబరు వేసి తిప్పే ప్రమాదం ఉంటుంది. కాబట్టి అసలు ప్రకటన మీ సొంత పేజీలో పైన పిన్ చేసి ఉంచండి. ఎవరైనా మీ పేరుతో డబ్బు గుంజినట్టు తెలిస్తే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయమనండి.

మీమ్స్ ఎందుకు వద్దన్నానంటే రెండు కారణాలు. ఒకటి, హీరో బొమ్మో కమెడియన్ బొమ్మో వ్యాపారానికి వాడుకోవడం ఇప్పుడు సరదా వ్యవహారం కాదు. 2025లో నాగార్జున ఢిల్లీ హైకోర్టు నుంచి, చిరంజీవి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు నుంచి తమ పేరు, రూపం అనుమతి లేకుండా వాడకుండా ఉత్తర్వులు తెచ్చుకున్నారు. సినిమా స్టిల్ మీద నిర్మాతకి హక్కు ఉంటుంది, అది వేరే సంగతి. రెండో కారణం, మీమ్‌కి ఆయుష్షు తక్కువ. 2024 మొదట్లో హైదరాబాద్‌లో రోడ్డు పక్కన భోజనం అమ్మే కుమారి ఆంటీ అన్న ‘రెండు లివర్లు ఎక్స్‌ట్రా’ మాట ఎంత పాకిందంటే హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు కూడా జరిమానా గురించి చెప్పడానికి దాన్ని వాడుకున్నారు. అప్పుడు అది అద్భుతంగా పేలింది. ఇప్పుడు అదే మీ పోస్టర్ మీద వేస్తే రెండేళ్ల నాటి ప్రకటన మళ్లీ తిప్పుతున్నారనుకుంటారు. మీ పనిలోంచి వచ్చిన జోకుకి ఆ బెడద లేదు, వచ్చే వేసవికీ పనికొస్తుంది.

నౌక్రీ, లింక్డ్‌ఇన్‌లలో పెట్టేటప్పుడు ఉద్యోగం పేరు దగ్గర జోకు పెట్టకండి. ‘నీటి నింజా’, ‘ప్యూరిఫయర్ రాక్‌స్టార్’ అని ఎవరూ వెతకరు. ‘సర్వీస్ టెక్నీషియన్, విజయవాడ’ అని వెతుకుతారు. పేరు సాదాగా ఉంచి, వివరణలో మొదటి రెండు వాక్యాలు సరదాగా రాయండి. వాట్సాప్‌కైతే ఇంకో చిక్కుంది. చేతులు మారేకొద్దీ బొమ్మ ఒక్కటే మిగిలి, దాని కింద మీరు టైప్ చేసిన వివరాలు రాలిపోవచ్చు. అందుకే జీతం, నంబరు, చిరునామా బొమ్మ మీదే ఉండాలి.

టెలికాలర్ల విషయంలో ఇంకొక మాట. మన దగ్గర అమ్మాయి ఉద్యోగంలో చేరాలంటే ఇంట్లో అమ్మానాన్నలో, అత్తమామలో కూడా ఆ ప్రకటన చూస్తారు. వాళ్లకి జోకు అక్కర్లేదు. సాయంత్రం ఎన్నింటికి వదులుతారు, ఆఫీసులో ఇంకెంతమంది ఆడవాళ్లు ఉన్నారు, బస్టాప్ ఎంత దూరం, ఇవి కావాలి. అవి స్పష్టంగా ఉంటే పైన ఉన్న జోకు చూసి వాళ్లూ నవ్వుతారు.

ప్రకటనలో నవ్వించి, ఇంటర్వ్యూకి వచ్చినవాణ్ణి రెండు గంటలు బయట బెంచీ మీద కూర్చోబెడితే అంతా వృథా. ఒక అభ్యర్థి నాతో అన్న మాట, “ప్రకటన రాసినవాళ్లు లోపల ఎక్కడా కనిపించలేదండీ.” మీ ఆఫీసు వాతావరణం నిజంగా గంభీరమైనదైతే ప్రకటనా అలాగే ఉండనివ్వండి, అందులో నామోషీ ఏమీ లేదు. ఆఫర్ లెటర్, బాండ్ షరతులు, ‘మిమ్మల్ని తీసుకోలేకపోతున్నాం’ అన్న సందేశం, వీటిలో హాస్యం పొరపాటున కూడా వద్దు.

ఫలితం కొలవడానికి లైకులు లెక్కపెట్టకండి. మామూలు ప్రకటన ఒక ఫోన్ నంబరుతో, సరదా ప్రకటన ఇంకో నంబరుతో ఒకేసారి వదలండి. ఏ నంబరు నుంచి వచ్చినవాళ్లు ఇంటర్వ్యూకి హాజరయ్యారు, ఎవరు చేరారు, మూడు నెలల తర్వాత ఎవరు మిగిలారు, ఈ మూడూ ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటే చాలు.

మీకోసం రెండు ముక్కలు రాశాను, కావాలంటే వాడుకోండి.

టెక్నీషియన్లకి: “మే నెల. మధ్యాహ్నం రెండు. లిఫ్ట్ లేని మూడో అంతస్తు. తలుపు తీసిన అమ్మగారు ‘మంచినీళ్లు తాగుతావా బాబూ?’ అంటారు. ఆ నీళ్లు రావడం లేదనే కదా మీరు వెళ్లింది! పదిహేను నిమిషాల్లో బాగుచేసి, మొదటి గ్లాసు మీరే తాగగలిగితే మాతో పనిచేయండి.” దీని కింద జీతం, పెట్రోల్ ఎలా ఇస్తారు, రోజుకి సుమారు ఎన్ని ఇళ్లు, వారపు సెలవు, బైక్ మీదేనా వాళ్లదేనా.

టెలికాలర్లకి: “‘టెక్నీషియన్ దారిలో ఉన్నాడండీ’ అన్న మాటని, అతను నిజంగా దారిలో ఉన్నప్పుడే చెప్పేవాళ్లు కావాలి.” ఇది పెట్టే ముందు ఒకటి ఆలోచించుకోండి. ఈ జోకు ఒక మాట ఇవ్వడమే. చేరిన అమ్మాయితో మొదటి వారంలోనే అబద్ధం చెప్పించాల్సి వస్తే ఈ లైను వాడొద్దు.

రెండూ పోస్ట్ చేసే ముందు ఇప్పుడు మీ దగ్గర పనిచేస్తున్న ఇద్దరు టెక్నీషియన్లకి చదివి వినిపించండి. వాళ్లు నవ్వి “నిజమే సార్, మొన్న పటమటలో ఇలాగే అయింది” అంటే వదలండి. మొహమాటానికి నవ్వితే మార్చండి, వాళ్లనే చెప్పమనండి. నా అనుభవంలో మంచి లైన్లు ఎక్కువగా ఇచ్చింది ఆ పని చేసేవాళ్లే. నాన్నగారికి కూడా అప్పుడే, వాళ్ల ముందే చూపించండి. మార్చిన డ్రాఫ్ట్ ఇక్కడ పెడితే చూసి చెబుతాను, జీతం అంకె ఖాళీగా వదలకుండా పెట్టండి.